మెదక్ చర్చికి అట్ట గోడలు: 87 రెట్లు చిన్నదైతే ఏం మారుతుంది?

మే నెలలో ఢిల్లీ గాలి పొడిబారి ఉంటుంది. మధ్యాహ్నం పూట సాపేక్ష ఆర్ద్రత 20 శాతం దరిదాపులకు పడిపోతుంది. ఆ రోజుల్లో ద్వారకలోని ఏ అపార్ట్‌మెంట్ ఫ్లాట్‌లోనో దళసరి అట్ట కోసి, రాతి రంగు కాగితం అంటించి, ఒక చిన్న చర్చికి నాలుగు గోడలు నిలబెడితే అవి స్కేలు పెట్టి గీసినట్టు నిటారుగా ఉంటాయి. పిల్లల వేసవి సెలవుల పని ముగిసిందనుకుని దాన్ని నమూనా రైలు పట్టాల పక్కన పెడతారు. జూలైలో వానలు పడతాయి, ఆర్ద్రత 80 శాతం దాటుతుంది. ఆగస్టు నడిమికల్లా చర్చి పక్కగోడ పొట్ట ఉబ్బి కనిపిస్తుంది. కప్పు ఒక మూల పైకి లేస్తుంది. దానిమీద ఎవరూ చెయ్యి వేయలేదు, ఏ బరువూ పెట్టలేదు.

అసలు కట్టడాన్ని నిలబెట్టే లెక్కలు వేరు, దాని నమూనాను నిలబెట్టే లెక్కలు వేరు. ఈ తేడా తెలియక చాలా అట్ట కట్టడాలు మొదటి వానాకాలం దాటవు.

నమూనా రైలు అభిరుచి మన దేశంలో పెద్దగా విస్తరించలేదు కానీ, చూడాలనుకునేవారికి చోట్లున్నాయి. పుణెలోని కోత్రుడ్‌లో జోషీ సూక్ష్మ రైల్వేల మ్యూజియం ఉంది. ద్వారక వాసులకైతే చాణక్యపురిలోని జాతీయ రైలు మ్యూజియం దగ్గర. 1977లో మొదలైన ఆ మ్యూజియంలో అసలు ఇంజన్ల పక్కనే వాటి నమూనాలనూ చూడవచ్చు. ఇంట్లో లేఅవుట్ వేసుకునేవారు పట్టాలు, ఇంజను, పెట్టెలు కొంటారు. స్టేషను, ఇళ్లు, గుడి, చర్చి వంటివి మాత్రం సొంతంగా చేసుకోవాల్సిందే. బయట దొరికే ప్లాస్టిక్ కిట్లలో ఎక్కువ భాగం ఐరోపా పల్లెలవి. వాటిని తెచ్చి తెలంగాణ రైలు పక్కన పెడితే అతకవు.

తెలుగువారి లేఅవుట్‌కు చర్చి కావాలంటే ముందుగా గుర్తొచ్చేది మెదక్. చార్లెస్ వాకర్ పోస్నెట్ ఆధ్వర్యంలో, వాస్తుశిల్పి థామస్ ఎడ్వర్డ్ హార్డింగ్ నమూనాతో 1914లో మొదలై, 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరుపుకున్న రాతి కట్టడం అది. కరువు రోజుల్లో ఈ పని చేసినవారికి తిండి దొరికిందని ఆ ప్రాంతంలో ఇప్పటికీ చెప్పుకుంటారు. పొడవు 200 అడుగులు, వెడల్పు 100 అడుగులు, గంట గోపురం ఎత్తు 175 అడుగులు. రైలు మాత్రం మెదక్ పట్టణానికి దాదాపు ఒక శతాబ్దం ఆలస్యంగా వచ్చింది. సికింద్రాబాద్–నిజామాబాద్ మార్గంలోని అక్కన్నపేట నుంచి విడివడే 17 కిలోమీటర్ల కొత్త లైను మీద 2022 సెప్టెంబరులో రైళ్లు మొదలయ్యాయి. అంతకుముందు ఎవరైనా చర్చి పక్కన రైలు పెట్టి ఉంటే అది ఊహే. ఇప్పుడది భూగోళం ఒప్పుకునే దృశ్యం.

అడుగుకు మూడున్నర మిల్లీమీటర్లు

ప్రపంచంలో ఎక్కువగా వాడే నమూనా కొలతను ‘హెచ్‌ఓ’ అంటారు. అసలు అడుగు ఇక్కడ 3.5 మిల్లీమీటర్లు. నిష్పత్తిలో చెబితే 1:87. లెక్క నోటితోనే వేయవచ్చు. మెదక్ చర్చి పొడవు 700 మి.మీ., వెడల్పు 350 మి.మీ., గోపురం ఎత్తు 612 మి.మీ. అవుతుంది.

రెండు పడకగదుల ఫ్లాట్‌లో లేఅవుట్‌కు మహా అయితే ఆరడుగులకు నాలుగడుగుల ప్లైవుడ్ పలక పడుతుంది. అంటే 183 సెం.మీ. × 122 సెం.మీ. దాని మధ్య 70 సెం.మీ. పొడవు, 61 సెం.మీ. ఎత్తు చర్చి నిలబెడితే రైలును వెతుక్కోవాలి.

చర్చిని కుదిస్తే అబద్ధమవుతుందా? రైలు సంగతి చూస్తే ఆ బెంగ తీరిపోతుంది. భారతీయ బ్రాడ్‌గేజ్ పట్టాల మధ్య దూరం 1676 మి.మీ. హెచ్‌ఓలో అది 19.2 మి.మీ. ఉండాలి. బజారులో దొరికే హెచ్‌ఓ పట్టాలు 16.5 మి.మీ. మాత్రమే, ఎందుకంటే అవి విదేశాల్లోని 1435 మి.మీ. గేజ్‌కు తగ్గట్టు చేసినవి. ఇక వంపులు. మన బ్రాడ్‌గేజ్‌లో అనుమతించే అతి ఇరుకు వంపు వ్యాసార్ధం 175 మీటర్లు. 87తో భాగిస్తే రెండు మీటర్లు. ఆ వంపు తిరగాలంటే గది మొత్తం చాలదు. అందుకే ఇళ్లలోని లేఅవుట్లలో 40 సెం.మీ. అటూఇటూ వ్యాసార్ధంతో సరిపెట్టుకుంటారు. రైలే ఐదో వంతు వంపులో తిరుగుతున్నప్పుడు చర్చి ఒక్కటి పూర్తి కొలతలో ఉండాలని పట్టుపట్టడంలో అర్థం లేదు.

కుదించడానికి ఒక పద్ధతుంది. మొత్తం కట్టడాన్ని సమంగా చిన్నది చేస్తే తలుపులు కూడా చిన్నవవుతాయి, పక్కన నిలబెట్టిన 2 సెం.మీ. బొమ్మ మనిషి లోపలికి దూరలేడు. కన్ను కొలిచేది తలుపు, మెట్టు, కిటికీ గట్టు వంటివాటినే. వాటిని 1:87 లోనే ఉంచాలి. తగ్గించాల్సింది వాటి సంఖ్య. పక్కగోడ మీద వరుసగా వచ్చే కిటికీల్లో సగం తీసేస్తే 70 సెం.మీ. గోడ 35 సెం.మీ.కి వస్తుంది. గోపురాన్ని 40 సెం.మీ. దగ్గర ఆపినా, పొడవుతో పోల్చితే అది ఠీవిగానే కనిపిస్తుంది. కిటికీలు లెక్కపెట్టే చూపరి చాలా అరుదు.

వెనక నిలబెట్టే చర్చి

రెండో దారి తెలుగు ప్రేక్షకులకు పాత పరిచయమే. 1957లో వచ్చిన ‘మాయాబజార్’లో కనిపించే ద్వారకా నగరం ఒక సూక్ష్మ నమూనా. గోఖలే, కళాధర్ కళాదర్శకత్వంలో రూపొందిన ఆ నగరాన్ని మార్కస్ బార్‌ట్లే కెమెరా నిజమనిపించింది. ఢిల్లీ ద్వారకలోని బల్లమీద కూడా అదే సూత్రం పనికొస్తుంది: దూరంగా ఉన్నట్టు కనిపించాల్సిన దాన్ని ఇంకా చిన్న కొలతలో కట్టి వెనక పెట్టడం.

‘ఎన్’ అనే కొలతలో నిష్పత్తి 1:160. ఆ కొలతలో మెదక్ గోపురం 33 సెం.మీ., చర్చి పొడవు 38 సెం.మీ. చూసేవారి కంటికి 60 సెం.మీ. దూరంలో హెచ్‌ఓ రైలు, 90 సెం.మీ. దూరంలో ఎన్ కొలత చర్చి ఉన్నాయనుకుందాం. రైలు తన లోకంలో 60 × 87, అంటే సుమారు 52 మీటర్ల దూరంలో ఉన్నట్టు. చర్చి 90 × 160, అంటే 144 మీటర్ల దూరంలో ఉన్నట్టు. రెండింటి మధ్య కంటికి తోచే ఖాళీ 92 మీటర్లు. రెండూ హెచ్‌ఓలోనే ఉంటే ఆ 30 సెం.మీ. కేవలం 26 మీటర్లుగా కనిపించేది. ఒక్క పైసా ఖర్చు లేకుండా మూడున్నర రెట్ల నేల పుట్టుకొచ్చింది.

ఈ మాయకు ఒక షరతుంది. కెమెరాకు ఒకే కన్ను, అది కదలదు. మనిషికి రెండు కళ్లు. వాటి మధ్య ఉండే ఆరేడు సెంటీమీటర్ల ఎడం వల్ల మీటరు లోపు వస్తువుల దూరాన్ని మెదడు చాలా కచ్చితంగా పసిగడుతుంది. తల కాస్త పక్కకు జరిపితే ముందున్న రైలు, వెనకున్న చర్చి వేర్వేరు వేగాలతో జరుగుతాయి, గుట్టు బయటపడుతుంది. మధ్యలో చెట్ల వరుసో, చిన్న గట్టో పెట్టి రెండింటికీ మధ్య నేల కనపడకుండా చేస్తే మెదడుకు ఆధారాలు తగ్గుతాయి. లేఅవుట్‌ను కంటి ఎత్తుకు దగ్గరగా లేపి పెట్టడం ఇంకా మేలు. నడుము ఎత్తు బల్లమీద పెట్టి పైనుంచి చూస్తే ఏ భ్రమా నిలవదు.

గోడ మందం, గీత సన్నం

అట్ట చర్చిని అట్టదని పట్టిచ్చేది సాధారణంగా కిటికీ అంచు. రాతి గోడ రెండు మూడు అడుగుల మందం ఉంటుంది. హెచ్‌ఓలో అది 7 నుంచి 10 మి.మీ. ఒక మిల్లీమీటరు అట్టలో కోసిన కిటికీ రేకుకు కన్నం పెట్టినట్టు ఉంటుంది. కిటికీ లోతుగా ఉండి, పై అంచు నీడ అద్దం మీద పడితేనే కన్ను దాన్ని రాయిగా ఒప్పుకుంటుంది. బయట ఒక అట్ట, లోపల ఒక అట్ట నిలబెట్టి, మధ్యలో 5 మి.మీ. పట్టీలు అంటిస్తే ఆ లోతు వస్తుంది. ఈ జంట గోడ వల్ల మరో పెద్ద లాభం ఉంది, అది కింద వస్తుంది.

గోథిక్ కిటికీ కొనదేలిన కమాను గీయడానికి వృత్తలేఖిని చాలు. కిటికీ వెడల్పు ఎంతో అంతే వ్యాసార్ధం తీసుకుని, ముల్లును ఒకసారి ఎడమ చివర, ఒకసారి కుడి చివర గుచ్చి రెండు చాపాలు గీస్తే అవి నడిమిన కలుస్తాయి. నాలుగడుగుల కిటికీ, అంటే 14 మి.మీ. వెడల్పుకు కమాను ఎత్తు 12 మి.మీ. వస్తుంది. సమబాహు త్రిభుజం ఎత్తు సూత్రమే ఇది. కోసేటప్పుడు బ్లేడును ఒక్క దెబ్బతో దింపకూడదు. స్టీలు స్కేలు ఆసరాగా నాలుగైదు సార్లు తేలిగ్గా లాగాలి. మొద్దుబారిన బ్లేడు నారను కోయదు, చింపుతుంది. పిల్లలు చేస్తుంటే ఈ ఒక్క పని పెద్దవారి చేతిలో ఉండాలి.

రాళ్ల మధ్య అతుకులు గీసే దగ్గర చాలామంది శ్రమ ఎక్కువ పెట్టి చెడగొడతారు. ఒక సెంటీమీటరు సున్నపు అతుకు హెచ్‌ఓలో 0.11 మి.మీ. మామూలు జెరాక్స్ కాగితం మందమంత. అర మిల్లీమీటరు పెన్సిలు గీత గీస్తే అది నాలుగున్నర సెంటీమీటర్ల అతుకు అవుతుంది, ఏ మేస్త్రీ ఒప్పుకోడు. ఇంకు అయిపోయిన బాల్‌పెన్నుతో నొక్కి గీసి, పైన పలచని బూడిద రంగు పూసి వెంటనే తుడిస్తే గీతలో మిగిలిన రంగే అతుకులా కనిపిస్తుంది.

మెదక్ చర్చిలోని ఫ్రాంక్ సాలిస్‌బరీ రంగు అద్దాల కిటికీలు పగలు లోపలి నుంచి చూసినప్పుడే వెలుగుతాయి, బయటి నుంచి నల్లగా ఉంటాయి. లోపల చీకటిగా ఉంటే అద్దం గుండా బయటికి వచ్చే కాంతి, రాతి గోడ నుంచి పరావర్తనమయ్యే ఎండ ముందు ఎందుకూ చాలదు. నమూనాలో దీన్ని తలకిందులు చేసి, లోపల ఎల్‌ఈడీ పెట్టి రాత్రి దృశ్యం చూపవచ్చు. ట్రేసింగ్ కాగితం మీద రంగులు వేసి లోపలి అట్టకు అంటిస్తే చాలు. 5 మి.మీ. ఎల్‌ఈడీ హెచ్‌ఓ లోకంలో 43 సెం.మీ. వ్యాసమున్న దీపం. దాన్ని నేరుగా కిటికీ వెనక పెట్టకుండా పైకప్పు లోపలి వైపు తిప్పి, వెలుగు అక్కడ తగిలి పరుచుకునేలా చేయాలి. అట్ట గుండా కాంతి కారకుండా గోడల లోపల నల్ల కాగితం వేయాలి. లేకపోతే చర్చి మొత్తం పేపరు లాంతరులా మెరుస్తుంది.

బరువు తప్పుకుంటుంది

1638లో గెలీలియో ప్రచురించిన ‘రెండు కొత్త శాస్త్రాలు’ గ్రంథంలోని ఒక ముఖ్యమైన ఆలోచన ఈ బల్లమీద కళ్లకు కడుతుంది. ఒక వస్తువును అన్ని వైపులా 87 రెట్లు తగ్గిస్తే దాని ఉపరితలం 87 × 87, అంటే దాదాపు 7,600 రెట్లు తగ్గుతుంది. ఘనపరిమాణం, దానితోపాటు బరువు, 87 × 87 × 87, అంటే సుమారు 6 లక్షల 58 వేల రెట్లు తగ్గుతాయి. మోసే గోడ అడ్డుకోత కంటే మోయాల్సిన బరువే 87 రెట్లు ఎక్కువగా తగ్గిపోతుంది.

అసలు గోపురం అడుగున ఉన్న రాయి మీద పైనున్న 53 మీటర్ల రాయి బరువు ప్రతి చదరపు సెంటీమీటరుకు దాదాపు 14 కిలోల చొప్పున పడుతుంది. 61 సెం.మీ. అట్ట గోపురం అడుగున అదే లెక్క వేస్తే చదరపు సెంటీమీటరుకు 43 గ్రాములు. మూడు వందల రెట్లకు పైగా తేడా. గోథిక్ కట్టడాల్లో కొనదేలిన కమానులు ఉండటానికి కారణం అందం ఒక్కటే అనుకోకూడదు. రాతి కమాను పైబరువును కిందికే కాక పక్కలకూ నెడుతుంది. అర్ధవృత్తం కంటే కొనదేలిన కమాను పక్కకు నెట్టే బలం తక్కువ. మిగిలిన దాన్ని గోడ బయట కట్టే ఆనుడు స్తంభాలు అడ్డుకుంటాయి. అట్టలో ఈ కథేమీ లేదు. అక్కడ కమాను అంటే ఒకే రేకులో కోసిన రంధ్రం. పక్కకు నెట్టడానికి విడి రాళ్లే లేవు. ఆనుడు స్తంభాలు అంటించినా, మానినా గోడ నిలబడే ఉంటుంది.

బరువు తగ్గడం పూర్తిగా లాభమనుకుంటే సీలింగ్ ఫ్యాను తిరగబడుతుంది. గాలి నెట్టుడు ఉపరితలాన్ని బట్టి ఉంటుంది. బరువు ఘనంగా తగ్గితే ఉపరితలం వర్గంగానే తగ్గుతుంది కనక, అదే వేగం గాలి బరువుతో పోల్చితే నమూనాను 87 రెట్లు గట్టిగా తోస్తుంది. అట్ట రాతి కంటే తేలిక కావడం దీనికి అదనం. గోపురం అడుగున ఒక చిన్న సంచిలో ఇసుకో, పాత బోల్టులో పెట్టి అంటించడం మరిచిపోకూడదు.

తేమ ఆ చోటులోకి వస్తుంది

కాగితం చెక్క నారలతో తయారవుతుంది. ఆ నార నీటి ఆవిరిని పీల్చుకుంటే లావెక్కుతుంది, పొడవు మాత్రం అంతగా పెరగదు. కాగితపు యంత్రంలో తడి గుజ్జు ఒకే దిశలో పరుగెత్తుతుంది కనక నారలు ఎక్కువ భాగం ఆ దిశలోనే పడుకుంటాయి. అందువల్ల ప్రతి కాగితం, ప్రతి అట్ట ఒక దిశలో కంటే దానికి అడ్డంగా రెండు మూడు రెట్లు ఎక్కువ ఉబ్బుతుంది. ఏది ఏ దిశో తెలుసుకోవడం కష్టమేమీ కాదు. చతురస్రాకారపు ముక్క కోసి రెండు వైపులా వంచి చూస్తే, తేలిగ్గా వంగిన మడత నారల వెంబడి ఉన్నట్టు.

ఒక్క అట్టే అయితే ఉబ్బినా పెద్ద హాని లేదు, మొత్తం కాస్త పెరుగుతుంది. చిక్కంతా రెండు పొరలు అంటించినప్పుడు. పాత ఇస్త్రీపెట్టెలో రెండు లోహాల పట్టీ వేడికి వంగి కరెంటును ఆపుతుంది. ఒక లోహం ఎక్కువ సాగుతుంది, రెండోది తక్కువ, అతుకు విడిపోదు కనక పట్టీ వంగుతుంది. బయటి వైపు మాత్రమే రాతి రంగు కాగితం అంటించిన అట్ట గోడ సరిగ్గా అలాంటి పట్టీయే. అక్కడ వేడి చేసే పనిని ఇక్కడ తేమ చేస్తుంది.

ఎంత వంగుతుంది? సమాన మందం, సమాన బిగువు ఉన్న రెండు పొరలు కలిపి 1 మి.మీ. ఉన్నాయనుకుందాం. వానాకాలంలో ఒక పొర రెండోదాని కంటే 0.05 శాతం, అంటే రెండు వేలలో ఒక వంతు మాత్రమే ఎక్కువ సాగిందనుకుందాం. ద్విలోహ పట్టీ సూత్రం ప్రకారం ఆ గోడ 1.3 మీటర్ల వ్యాసార్ధమున్న వంపు తిరుగుతుంది. 35 సెం.మీ. గోడ నడిమిన ఉబ్బు దాదాపు 11 మి.మీ. మెదక్‌లో అయితే అది మీటరు ఉబ్బు, ఇంజనీర్లు పరుగెత్తుకొచ్చే సంగతి. అసలు కట్టడాన్ని పట్టించుకోని తేమ నమూనాలో రాజ్యమేలుతుంది.

ఇందుకు మందు సమతూకం. ఒక వైపు ఏ కాగితం అంటిస్తే రెండో వైపు కూడా అదే కాగితం, నారల దిశ అదే ఉండేలా అంటించాలి. అప్పుడు రెండు పక్కలా సమానంగా లాగుతాయి, గోడ ఎటూ వంగదు. రంగు కూడా అంతే. బయట రెండు పూతలైతే లోపలా రెండు పూతలు. ఫెవికాల్ వంటి జిగురులో సగానికి దగ్గరగా నీరే ఉంటుంది, దాన్ని దట్టంగా పూస్తే వానాకాలాన్ని చేజేతులా ఆహ్వానించినట్టు. పలచగా పరిచి, ఆరే వరకు పైన బరువైన పుస్తకాలు పెట్టాలి. చివర్లో చెక్క సామాన్లకు వేసే లక్క పాలిష్ అన్ని వైపులా, కోసిన అంచులతో సహా పూయాలి. పాలిష్ తేమను పూర్తిగా ఆపదు, నెమ్మదింపజేస్తుంది. తేమ నెమ్మదిగా లోపలికి వెళ్తే రెండు పొరలూ ఇంచుమించు కలిసి ఉబ్బుతాయి.

ఇందాకటి జంట గోడ ఇక్కడ ఆదుకుంటుంది. వంపును అడ్డుకునే బిగువు మందానికి ఘనంగా పెరుగుతుంది. ఆన్‌లైన్‌లో తెప్పించుకున్న సరుకుల అట్టపెట్టె ఈ సూత్రం మీదే పనిచేస్తుంది. పావు మిల్లీమీటరు కాగితాలు రెండింటిని కలిపి అంటిస్తే అర మిల్లీమీటరు రేకు. అవే రెండింటిని 3 మి.మీ. ఎడంగా పెట్టి మధ్య ముడతల కాగితం వేస్తే బిగువు దాదాపు నూరు రెట్లు పెరుగుతుంది, కాగితం ఖర్చు రెండింతలు కూడా పెరగదు. 1871లో అమెరికాలో ఆల్బర్ట్ జోన్స్ గాజు సీసాలు పగలకుండా చుట్టడానికి ముడతల కాగితంపై పేటెంటు తీసుకున్నాడు. చర్చి లోపలి అట్టకు పాత పెట్టెల ముక్కలు వాడుకోవచ్చు, ముడతలు నిలువుగా వచ్చేలా. బయటి అట్టకు మాత్రం వద్దు, ఎంత దట్టంగా రంగు వేసినా లోపలి ముడతల చాళ్లు పైకి తేలుతాయి.

ఇక ఏ నెలలో అంటించాలన్న ప్రశ్న. మే నెలలో ఎండిన అట్టతో కడితే దానికి తెలిసిన దారి ఉబ్బడం ఒక్కటే. ఆగస్టులో కడితే శీతాకాలం గడిచి ఎండలు ముదిరే సరికి కుంచించుకుపోయి అతుకులు నోళ్లు తెరుస్తాయి. అక్టోబరులో ఢిల్లీ గాలి ఈ రెండు కొసలకూ మధ్యలో ఉంటుంది. అప్పుడు అతికిన గోడ ఏడాది పొడవునా అటు సగం, ఇటు సగమే కదులుతుంది. అట్టను దుకాణం నుంచి తెచ్చిన రోజే కోయకుండా, ప్లాస్టిక్ కవరు విప్పి వారం పాటు ఆ గదిలోనే ఉంచితే గది గాలికి అలవాటు పడుతుంది. అక్టోబరులో గోడలు, నవంబరులో కప్పు, కిటికీలు, ఆ తర్వాత రంగు, లక్క. డిసెంబరు 25 నాటికి లోపల ఎల్‌ఈడీ వెలిగించి, అక్కన్నపేట నుంచి వచ్చే రైలును దాని ముందు నుంచి నడిపించవచ్చు.